కాంక్రీటు నీళ్లలో అణుచెత్త గాజు: పడుకున్న బోరాన్ 5వ నెలలో మళ్లీ ఎందుకు లేచింది?

గాజుపురుగు | సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మాది తెనాలి, ఇప్పుడు బెల్జియంలో పీహెచ్‌డీ. రియాక్టర్ల ఇంధనాన్ని రీప్రాసెస్ చేశాక మిగిలే భయంకరమైన చెత్తని గాజులో కలిపి స్టీల్ డబ్బాల్లో పోస్తారు కదా, ఆ గాజు క్షారపు నీళ్లలో ఎంత తొందరగా పాడవుద్దో చూడటం నా పని.

క్షారపు నీళ్లే ఎందుకంటే, ఇక్కడి వాళ్ల ప్లాన్‌లో ఆ డబ్బాల్ని ఇంకో మందపాటి కార్బన్ స్టీల్ డబ్బాలో పెట్టి, చుట్టూ కాంక్రీట్ పోసి, భూమి లోపల బంకమట్టి పొరలో పాతిపెడతారు. దీనికోసమే మోల్ అనే ఊళ్లో 225 మీటర్ల లోతున ఒక ల్యాబ్ ఉంది, 1980లో తవ్వడం మొదలుపెట్టారు. కాంక్రీట్ నీళ్ల పీహెచ్ 12 పైన ఉంటది కాబట్టి స్టీల్‌కి తుప్పు దాదాపు పట్టదు. అయితే స్టీల్‌ని కాపాడే ఆ నీళ్లే, వందలో వేలో ఏళ్లు గడిచి స్టీల్ చిల్లిపడ్డాక, గాజుని తింటాయి. నా థీసిస్ అంతా ఈ గొడవే.

ఇప్పుడు నా సమస్య. ఐఎస్‌జీ అని ఆరు ఆక్సైడ్ల గాజు (రేడియేషన్ లేదు, కంగారొద్దు) పొడి కొట్టి, సోడియం పొటాషియం హైడ్రాక్సైడ్లు, కాస్త కాల్షియం ఉన్న నీళ్లలో వేసి, 70 డిగ్రీల ఓవెన్‌లో మూడు టెఫ్లాన్ పాత్రలు పెట్టా. పీహెచ్ 12.5. నీళ్లలో బోరాన్ ఎంత ఉందో కొలుస్తాం, ఎందుకంటే అది గాజులోంచి ఒకసారి బయటపడితే మళ్లీ దేనికీ పెద్దగా అతుక్కోదు, నీళ్లలోనే ఉండిపోద్ది, అంటే బోరాన్ ఎంత వస్తే అంత గాజు పోయినట్టు లెక్క. మొదటి వారాల్లో గ్రాఫ్ జోరుగా లేచింది, రెండో నెలకి పడుకుంది, నేను హాయిగా చాప్టర్ రాసుకోవడం మొదలుపెట్టా. 5వ నెలలో రెండు పాత్రల్లో మళ్లీ లేచింది, మూడోది మాత్రం అలాగే పడుకునుంది. మా గైడ్ ఆగి చూద్దాం అంటున్నారు. నాకు ఆగే ఓపిక లేదు. ఈ ఫీల్డ్‌లో ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

డౌట్ల_రాజా | సోమవారం రాత్రి 11:05

ఒక్క నిమిషం సిస్టర్, గాజు నీళ్లలో కరుగుద్దా?? మా అమ్మమ్మ ఆవకాయ జాడీ పక్కన పెట్టుకునే గాజు సీసా నా కంటే పెద్దది, దానికేం కాలేదే. మరి కరిగేదాంట్లో చెత్త పోయడం ఏంటి, ఎవడిచ్చాడు ఈ ఐడియా

కాకినాడ_మాస్టారు | మంగళవారం ఉదయం 6:10

రాజా, కరుగుతుంది నాయనా, నీకు కనపడదంతే. నేను ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించినవాణ్ని, ప్రతి బ్యాచ్‌కి మొదటి రోజు చెప్పే మాట ఒకటే, కాస్టిక్ సోడా ద్రావణాన్ని గాజు బిరడా ఉన్న సీసాలో పెట్టొద్దు అని. వినేవాళ్లు కాదు. వేసవి సెలవులకి ముందు ఎవడో బ్యూరెట్‌లో క్షారం వదిలేసి పోయేవాడు, జూన్‌లో వచ్చి చూస్తే కాక్ రాయిలా బిగుసుకుని ఉండేది. మూత సందులో ఉన్న ఆ కాస్త క్షారం గాజులోని సిలికాని తిని సోడియం సిలికేట్ చేస్తుంది, అది బంకలా పట్టుకుంటుంది, పైగా గాల్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్ తగిలి కార్బనేట్ పెంకు కూడా కడుతుంది. అందుకే రబ్బరు బిరడా, ఇప్పుడైతే ప్లాస్టిక్ సీసా.

అంత దాకా ఎందుకు, డిష్‌వాషర్ ఉన్న ఇళ్లలో గాజు గ్లాసులు కొన్నాళ్లకి మసకబారి, ఎంత తోమినా పోని తెలుపు పట్టడం చూళ్లేదా? కొంత నీళ్లలోని సున్నం, అది వెనిగర్‌తో పోతుంది. పోనిది మాత్రం వేడి క్షారపు సబ్బు గాజుని కొరికిన గుర్తే.

డౌట్ల_రాజా | మంగళవారం ఉదయం 9:31

మాస్టారూ మా ఆవిడ ఆ గ్లాసుల విషయంలో నన్ను తిడుతోంది రెండేళ్లుగా, సరిగ్గా కడగట్లేదని. ఈ పోస్ట్ చూపిస్తా. థాంక్యూ 🙏 కానీ నా రెండో డౌట్ అలాగే ఉంది, మరి గాజే ఎందుకు

పొయ్యిదగ్గర | మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను ఈ గాజు పోసే పనిలో ఉండి రిటైర్ అయ్యాను, ఎక్కడా అని అడక్కండి. గాజే ఎందుకంటే ఆ చెత్తలో ముప్ఫై నలభై రకాల మూలకాలు ఉంటాయి, సీజియం, స్ట్రాన్షియం, మాలిబ్డినం, రుథీనియం, సీరియం, ఇలా చాంతాడంత. స్ఫటికానికి ఇంట్లో ఇంతమందికి చోటుండదు, తన కొలతకి సరిపోయినవాణ్నే రానిస్తుంది. గాజుకి ఆ పట్టింపు లేదు, వచ్చినవాణ్నల్లా తన అల్లికలో ఎక్కడో ఒకచోట కూర్చోబెడుతుంది. చాలామంది సిమెంట్లో కంకరలాగా గాజులో చెత్త ముక్కలు ఇరుక్కుని ఉంటాయనుకుంటారు, అది కాదు, చెత్తే గాజులో భాగం అయిపోతుంది. అందుకే గాజు కరిగితేనే అది బయటికొచ్చేది.

బోరాన్ ఎందుకు వేస్తామంటే 1100 డిగ్రీల దగ్గరే పోయగలిగేలా కరగాలి, ఇంకా వేడి పెంచితే సీజియం, రుథీనియం పొగై లేచిపోతాయి. ఫ్రాన్స్‌లో మార్కూల్ దగ్గర 1978లో ఇది ఇండస్ట్రీ స్థాయిలో మొదలైంది, తర్వాత లా హేగ్‌లో. అక్కడ ఒక్కో డబ్బాలో 400 కిలోల గాజు. మన దగ్గర తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలో చేస్తున్నారు. ట్రాంబేది వేరే తలనొప్పి, పాత చెత్తలో సల్ఫేట్ ఎక్కువ, అది మామూలు బోరోసిలికేట్‌లో (బోరాన్ కలిపిన సిలికా గాజు) కలవదు, పాల మీద మీగడలాగా పసుపుపచ్చ పొర తేలుతుంది, ఆ పొర నీళ్లలో ఉప్పులా కరుగుతుంది, సీజియాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. అందుకని బేరియం వేసిన గాజు తయారుచేసుకున్నారు.

అమ్మాయ్ గాజుపురుగూ, నీ ప్రశ్న దగ్గరికి సాయంత్రం వస్తాను. ఈలోగా రాజా లాంటి వాళ్ల కోసం ఆ గ్రాఫ్ ఎందుకు పడుకుంటుందో నువ్వే రాయి, ఎలా అర్థం చేసుకున్నావో నాకూ తెలుస్తుంది.

గాజుపురుగు | మంగళవారం సాయంత్రం 5:48

వైవా పెట్టేశారు సార్ 😅 సరే.

మొట్టమొదట నీళ్లలోని హైడ్రోజన్ గాజులోకి దూరి సోడియాన్ని బయటికి తోస్తుంది, ఆ వెనకే బోరాన్ కూడా పోతుంది. ఇంకోపక్క సిలికాన్ ఆక్సిజన్ బంధాల్ని నీళ్లు ఒక్కొక్కటే తెంపుతాయి. హైడ్రాక్సైడ్ ఎంత ఎక్కువుంటే అంత బాగా తెంపుతుంది. నీళ్లు తాజాగా ఉన్నంతసేపు ఇదే అసలు స్పీడ్. ఫ్రెంచ్ గాజుకి 90 డిగ్రీల దగ్గర, పీహెచ్ 9లో ఇది చదరపు మీటరుకి రోజుకి ఒక గ్రాము ఆ ప్రాంతం. పీహెచ్ ఒక మెట్టు పెరిగితే దాదాపు రెండున్నర రెట్లు అవుద్ది, అంటే 9 నుంచి 12కి వెళ్తే 16 రెట్లు, మరీ పైకి వెళ్లాక లెక్క అచ్చంగా ఇలాగే సాగుతుందని కాదులెండి.

కానీ ఆ స్పీడ్ ఎక్కువకాలం ఉండదు. నీళ్లలోకి సిలికా చేరేకొద్దీ ఇంకా కరగడం కష్టం అవుద్ది, పైగా సోడియం బోరాన్ పోయిన చోట మిగిలిన సిలికా, అల్యూమినా, కాల్షియం, జిర్కోనియం మళ్లీ అల్లుకుని జెల్ పొరలా కడతాయి. అందులో రంధ్రాలు నానోమీటర్లలో, పోనుపోను అవీ మూసుకుపోతాయి. ఇక నీళ్లు తాజా గాజుని చేరడమే కష్టం. అప్పుడు స్పీడ్ పదివేల రెట్లు పడిపోతుంది. లెక్క వేస్తే మిల్లీమీటరు గాజు పోవడానికి 70 వేల ఏళ్లు పైనే, అదీ 90 డిగ్రీల వేడి అలాగే ఉంటే. ఈ పడుకున్న స్పీడ్ మీదే అందరి ఆశ.

మూడోది, నాకు వచ్చిందేమోనని భయపడుతున్నది, పడుకున్నది మళ్లీ లేవడం. అది కొన్ని గాజుల్లో, ఎక్కువ పీహెచ్, ఎక్కువ వేడి దగ్గర కనపడుతుందని చదివా. చదవడం వేరు, మన పాత్రలో మనకే జరగడం వేరు.

సున్నపుబట్టి | మంగళవారం రాత్రి 8:15

నేను సిమెంటోణ్ని, పల్నాడు. అణువు గిణువు తెలీదు గానీ మీరు చెప్పేది మాకు రోజూ ఉండే గొడవే. కాంక్రీట్లో ఆల్కలీ సిలికా రియాక్షన్ అంటాం, కంకరలో చురుకైన సిలికా ఉంటే సిమెంట్ లోపలి క్షారం దాన్ని తిని జెల్ చేస్తుంది, ఆ జెల్ నీళ్లు తాగి ఉబ్బుద్ది, డ్యాములు బ్రిడ్జీలు పగిలినియ్ దీనివల్ల. తమాషా ఏంటంటే ఈ రియాక్షన్‌ని బూడిద వేస్తే ఎంత ఆపగలమో చూసే ఒక పాత టెస్టులో కంకరకి బదులు వాడేది పైరెక్స్ గాజు ముక్కలు. ఎందుకూ, బోరోసిలికేట్ కచ్చితంగా పాడవుద్ది అని నమ్మకం కాబట్టి! మేం పాడవ్వడానికి గ్యారంటీగా పెట్టుకున్న వస్తువుని మీరు లక్ష సంవత్సరాలు ఉండాలని కాంక్రీట్లో పెడతన్నారు. నవ్వొచ్చింది, ఏమనుకోబాక.

ఇంకోటి, సిమెంట్ నీళ్లు అంటే ఒకటే నీళ్లు కాదు. కొత్తల్లో సోడియం పొటాషియం హైడ్రాక్సైడ్లు, పీహెచ్ 13 దాటి 13.5 దాకా. అవి కడుక్కుపోయాక సున్నం కాపు కాస్తది, 12.5 దగ్గర చాలాకాలం నిలబడుద్ది. సున్నం కూడా అయిపోయాక సిమెంట్ జిగురు, అదే కాల్షియం సిలికేట్ హైడ్రేట్, అందులోంచి కాల్షియం ఊడిపోతా మెల్లగా 10, 11కి దిగుద్ది. నువ్వు ఏ వయసు నీళ్లు పెట్టావు? కాల్షియం ఎంత? ఎందుకంటే సున్నం బాగా ఉంటే గాజులోంచి వచ్చిన సిలికాని వచ్చినట్టే పట్టేసుకుని జిగురు కట్టుద్ది, నీళ్లలో సిలికా నిండే పనే ఉండదు. సిలికా ఫ్యూమ్ (మెత్తటి సిలికా పొడి) ఎక్కువేసి పీహెచ్ 11 కిందకి తెచ్చే సిమెంట్లు కూడా ఉన్నాయి, స్వీడన్ ఫిన్లాండ్ వాళ్లు వాళ్ల గనులకోసం వాటిమీద పనిచేశారు.

కడప_కుర్రోడు | మంగళవారం రాత్రి 9:02

అన్నా మా తుమ్మలపల్లె యురేనియం మిల్లులో కూడా క్షారంతోనే తీస్తారంట కదప్పా, అదీ ఇదీ ఒకటేనా? ఆడ చెరువు పక్కన అరటితోటలు ఉండాయి, మాకు భయంగా ఉంటాది.

పొయ్యిదగ్గర | మంగళవారం రాత్రి 9:20

ఒకటి కాదు బాబూ. అక్కడ రాయి సున్నపురాయి జాతి డోలమైట్, యాసిడ్ పోస్తే యాసిడ్ అంతా రాయే తాగేస్తుంది, అందుకని సోడియం కార్బనేట్, బైకార్బనేట్‌తో వేడిగా ప్రెషర్‌లో యురేనియం లాగుతారు. మిగిలేది సహజ రాతిపొడి, రేడియం అవీ ఉంటాయి. ఇక్కడ మాట్లాడేది రియాక్టర్లో కాలిన ఇంధనం చెత్త. మీ భయం న్యాయమైనదే, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, నాకు తెలిసినంత చెప్తాను.

మోడరేటర్ | మంగళవారం రాత్రి 9:24

అవును, తుమ్మలపల్లెకి, కొవ్వాడకి వేరే థ్రెడ్లు ఉన్నాయి. ఇక్కడ గాజు మాత్రమే. రెండు రాజకీయ కామెంట్లు తీసేశాను.

బసాల్ట్_బుజ్జి | బుధవారం ఉదయం 7:40

లేట్‌గా చూసిన ఈ థ్రెడ్. చెల్లె, నువ్వు చెప్తున్నదంత మాకు రాళ్లల్ల కనిపిస్తది. లావా నీళ్లల్ల పడి గబుక్కున చల్లారితే బసాల్ట్ గాజు అయితది, అది నీళ్లతోని పాడై పాలగోనైట్ అని పసుపు గోధుమ రంగు పదార్థం అయితది, అదే నీ జెల్ అనుకో. ఇంక పూణె, నాసిక్, జల్గావ్ దిక్కు దక్కన్ బసాల్ట్ బొర్రల్ల దొరికే జియోలైట్లు చూసినవా, ప్రపంచంల మ్యూజియాలన్ని అవే. అవి ఎట్ల వచ్చినయ్? రాయిలకెళ్లి సిలికా, అల్యూమినా, సోడియం, కాల్షియం నీళ్లల్లకి దిగి, వేడి క్షారపు నీళ్లల్ల మెల్లగ స్ఫటికాలైనయ్. నీ పాత్రల గదే అయింటది. అనాల్సైమ్ అనే జియోలైట్ తీస్కో, దాంట్ల సోడియం ఒకటి, అల్యూమినియం ఒకటి, సిలికాన్ రెండు. అంటే నీ జెల్‌ల గట్టితనం ఇచ్చే అల్యూమినియాన్ని లాక్కొని పోతది.

ఇంకోటి, సిమెంట్ నీళ్లు మనిషి చేసినయే అనుకోకుండ్రి. జోర్డాన్ ఉత్తరాన మకారిన్ అనే జాగల భూమిలకెళ్లి పీహెచ్ 12.5 నీళ్లు సొంతంగ ఊరుతయ్, పాతకాలంల లోపల సున్నపురాయి కాలి సహజ సిమెంట్ తయారైంది ఆడ. అణుచెత్త మీద పనిచేసెటోళ్లు ఎన్నో ఏండ్లు ఆ ఊటలు స్టడీ చేసిండ్రు.

డౌట్ల_రాజా | బుధవారం ఉదయం 10:12

నాకు అర్థమైంది చెప్తా తప్పైతే తిట్టండి. గాజు తన చుట్టూ తానే ప్రహరీ కట్టుకుంటోంది (జెల్). పక్కింటోడు (జియోలైట్) ఇల్లు కట్టడం మొదలెట్టి మన ప్రహరీ ఇటుకలే ఎత్తుకుపోతున్నాడు. సున్నం ఉంటే వాడు ఇంకో పక్కింటోడు. కాబట్టి పీహెచ్ ఎక్కువ అవ్వడం వల్ల నేరుగా వచ్చే నష్టం కంటే, పీహెచ్ ఎక్కువైతే ఈ పక్కింటోళ్లు దిగుతారు, అదీ అసలు నష్టం. కరెక్టేనా

గాజుపురుగు | బుధవారం ఉదయం 10:30

రాజా గారూ మా గైడ్ ఇంత క్లియర్‌గా చెప్పలేదు నాకు. స్లైడ్ మీద ప్రహరీ బొమ్మ వేసుకుంటా, క్రెడిట్ మీకే.

పొయ్యిదగ్గర | బుధవారం మధ్యాహ్నం 2:05

పోలిక బాగుంది, కానీ పక్కింటివాణ్ని దొంగ అనేముందు మన లెక్కలు సరిగ్గా ఉన్నాయో చూసుకోవాలి. అమ్మాయ్, మూడు ప్రశ్నలు.

పీహెచ్ 12.5 అన్నావు, ఎక్కడ కొలిచావు? గది వేడిలోనా, 70లోనా? నీళ్లు వేడెక్కేకొద్దీ నీళ్ల అయాన్ల లబ్ధం మారుతుంది, దాన్ని పీహెచ్ లాగే లాగ్ అంకెలో రాస్తే 25లో 14 అయినది 70కి వచ్చేసరికి 12.8. అంటే గదిలో 12.5 చూపించిన ద్రావణం ఓవెన్లో 11.3. హైడ్రాక్సైడ్ అంతే ఉంది, అంకె మారింది. పేపర్లలో సగం గొడవలు ఇద్దరు చెరొక వేడిలో కొలిచిన పీహెచ్‌లని పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చినవే అని నా అనుమానం.

రెండోది, పాత్రల బరువు ప్రతిసారీ తూచావా? మూత కాస్త లూజైనా 5 నెలల్లో నీళ్లు ఆవిరై బోరాన్ చిక్కబడుతుంది, నువ్వు గాజు కరిగిందనుకుంటావు. ఒకసారి నాకే ఇలా జరిగి రెండు నెలలు పరువు పోయింది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, బోరాన్ వదిలేసి అల్యూమినియం చూడు. జియోలైట్ అయితే బోరాన్ లేచే ముందే అల్యూమినియం పడిపోయి ఉండాలి.

సున్నపుబట్టి | బుధవారం మధ్యాహ్నం 2:40

పెద్దాయన చెప్పినదానికి ఒకటి కలుపుతా, సున్నం వేడి నీళ్లలో తక్కువ కరుగుద్ది, చల్లటి నీళ్లలో ఎక్కువ. గదిలో సున్నం తేట కలిపి వడకట్టి ఓవెన్లో పెడితే అక్కడ సున్నం దిగబడుద్ది. నువ్వు పెట్టిన కాల్షియం లోపల అంతే ఉందనుకోబాక.

గాజుపురుగు | గురువారం రాత్రి 11:55

రోజంతా నోట్‌బుక్ తిరగేశా.

పీహెచ్ గదిలోనే కొలిచాం. సిగ్గుగా ఉంది. 11.3 అని మార్చి రాస్తా. బరువులు ఓకే, మూడు పాత్రల్లోనూ తేడా చాలా తక్కువ, ఆవిరి కాదు.

అల్యూమినియం... సార్ మీకు దండం. లేచిన రెండు పాత్రల్లో 4వ నెల శాంపిల్‌లోనే అల్యూమినియం బాగా కింద పడింది. బోరాన్ అప్పటికి ఇంకా పడుకునే ఉంది కాబట్టి నేను ఆ కాలమ్ వైపు చూడనే లేదు. మూడో పాత్రలో అల్యూమినియం ఎక్కడుందో అక్కడే ఉంది. పీహెచ్ కూడా రెండిట్లో కాస్త దిగింది. పక్కింటోడు ముందే పునాది తవ్వాడన్నమాట, నాకే లేటుగా తెలిసింది.

కానీ మూడూ ఒకే గాజు, ఒకే నీళ్లు, ఒకే ఓవెన్, ఒకే షెల్ఫ్. మూడోది ఎందుకు లేవలేదు?

జల్లెడ | శుక్రవారం ఉదయం 8:50

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు జియోలైట్లు కావాలని తయారుచేసే పనిలో ఉన్నాను, క్యాటలిస్టుల కోసం. మీరు రాకూడదని ఏడుస్తున్నది రావాలని మేం ఏడ్చేవాళ్లం, లోకం తీరు 😀

ఒకటే ప్రశ్న. ఆ టెఫ్లాన్ పాత్రలు కొత్తవా, పాతవా? పాతవైతే ఇంతకుముందు వాటిల్లో ఏం చేశారు, దేంతో కడిగారు?

ఎందుకంటే జియోలైట్ పుట్టడంలో కష్టమంతా మొదటి గింజకే. గింజ పడ్డాక పెరగడం సులువు, పాలకి తోడు వేసినట్టే. టెఫ్లాన్ నున్నగా కనిపిస్తుంది కానీ లోపల గీతలుంటాయి, ఆ గీతల్లో కంటికి కనపడని గింజలు కూర్చుంటాయి, నీళ్లతో కడిగితే పోవు. మా దగ్గర ఒక రకం జియోలైట్ చేసిన లైనర్‌లో ఇంకో రకం చేద్దామంటే మళ్లీ పాతదే వచ్చేది, పాత్రకి జ్ఞాపకం ఉంది అనేవాళ్లం. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో కడిగితేగానీ ఆ జ్ఞాపకం చచ్చేది కాదు (అది ఎంత ప్రమాదమో తెలుసుగా, ఒంటరిగా చెయ్యొద్దు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా అసలు చెయ్యొద్దు).

పొయ్యిదగ్గర | శుక్రవారం ఉదయం 11:30

జల్లెడ గారూ, మీ అనుభవాన్ని కాదనను కానీ నాకు పూర్తిగా మింగుడు పడట్లేదు. గాజు టెస్టుల్లో కావాలని జియోలైట్ గింజలు వేసి చూసిన ప్రయోగాలు ఉన్నాయి, తగినంత పీహెచ్ ఉంటే అవి వేసిన వెంటనే లేస్తుంది, నెలలు ఆగదు. ఇక్కడ నాలుగు నెలలు ఆగింది. గింజలే ఉంటే ఇంతసేపు ఎందుకు ఊరుకున్నట్టు? గింజలు దానంతట అవి పుట్టడంలో అదృష్టం పాలు ఉంటుంది, మూడిట్లో రెండిట్లో ముందు పుట్టాయి, మూడోదాంట్లో ఇంకో ఆర్నెల్లకి పుడతాయేమో. అంతే కావొచ్చు.

జల్లెడ | శుక్రవారం మధ్యాహ్నం 12:15

ఆ ప్రయోగాల్లో గింజలు గాజుతో పోలిస్తే గట్టిగానే వేస్తారు కదండీ. గీతలో ఇరుక్కున్న పిసరంత వేరు. గ్లాసుడు పాలకి చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగు, బిందెడు పాలకి గిన్నెకంటిన చుక్కే అయితే? అదృష్టం అనేది నేనూ ఒప్పుకుంటా, కానీ ముందు గిన్నె సంగతి తేల్చుకుని తర్వాత అదృష్టం అనాలి.

బసాల్ట్_బుజ్జి | శుక్రవారం మధ్యాహ్నం 1:02

ఇద్దరు పెద్దోళ్లు కొట్లాడుతుంటే నాకు మస్తు మజా వస్తుంది, ఆపకుండ్రి

సున్నపుబట్టి | శుక్రవారం రాత్రి 9:30

మీరు గిన్నె తేల్చేలోపు నాకొక డౌటు. గాజు పీచు కలిపిన సిమెంట్ షీట్లు ఉంటాయి, మామూలు గాజు పీచు వేస్తే కొన్నేళ్లకే సిమెంట్ క్షారం తినేసి షీటు పెళుసైపోయేది. ఇంగ్లండోళ్లు 1970ల మొదట్లో జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) ఎక్కువ వేసిన పీచు మార్కెట్లోకి తెచ్చారు, 16, 17 శాతం దాకా, అది తట్టుకుంటది. నీ గాజులో జిర్కోనియా ఎంత? ఇంకాస్త గుమ్మరిస్తే గొడవ వదిలిపోద్దిగా?

గాజుపురుగు | శుక్రవారం రాత్రి 10:20

నా గాజులో 3.3 శాతం అన్నా. గుమ్మరిస్తే మొదటి స్పీడ్ నిజంగానే తగ్గుద్ది. కానీ ఇక్కడో మెలిక ఉంది, నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే. జిర్కోనియం కదలని మొండి రకం, తన చుట్టూ ఉన్న సిలికాని కూడా కదలనివ్వదు. ప్రహరీ బాగా కుదరాలంటే ఇటుకలు కాస్త జరిగి సర్దుకుని సందులు మూసుకోవాలి కదా, జిర్కోనియం ఎక్కువుంటే ఆ సర్దుబాటు జరగదు, రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి, మెల్లగా అయినా నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి. చివరికి తక్కువ స్పీడ్‌తో మొదలై ఎక్కువ గాజు పోగొట్టుకున్న గాజులు ఉన్నాయి. పైగా జిర్కోనియా పెంచితే కరిగించడానికి ఇంకా వేడి కావాలి, అక్కడ పొయ్యి దగ్గర సార్ ఒప్పుకోరు.

పొయ్యిదగ్గర | శుక్రవారం రాత్రి 10:41

ఒప్పుకోను. పొయ్యి ఎలక్ట్రోడ్లు కూడా ఒప్పుకోవు.

డౌట్ల_రాజా | శనివారం ఉదయం 9:15

ఇదంతా చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అంటే ఆ చెత్త బయటికి వచ్చేస్తుందా మరి?

పొయ్యిదగ్గర | శనివారం ఉదయం 11:00

పడుకో నాయనా. వేడీ రేడియేషనూ ఎక్కువగా ఇచ్చే సీజియం, స్ట్రాన్షియంల అర్ధాయువు 30 ఏళ్ల చుట్టూ, మూడొందల ఏళ్లకి వెయ్యో వంతుకి వస్తాయి, ఆ సమయానికి నీళ్లు ఇంకా స్టీల్ బయటే ఉండాలన్నది ప్లాన్. గాజు కరిగినా ప్లుటోనియం, అమెరీషియం లాంటివి చాలామటుకు జెల్‌లోనో, పక్కనున్న బంకమట్టికో అతుక్కుంటాయి, బోరాన్ లాగా నీళ్లతో పోవు. ఇంకో మాట, పాతిపెట్టిన చోట 70 డిగ్రీలు ఎల్లకాలం ఉండదు, చల్లబడేకొద్దీ జియోలైట్లు పుట్టడం కష్టం. ఈ అమ్మాయి వేడి పెంచి కాలాన్ని తొందరపెడుతోంది. అలా తొందరపెట్టినప్పుడు జరిగింది చల్లగా ఉన్నా జరుగుతుందా అన్నదే ఇప్పటికీ పెద్ద వాదన. పైకి తేలికగా మాట్లాడుతున్నాను గానీ దీనికి పూర్తి జవాబు నా సర్వీసులో దొరకలేదు.

గాజుపురుగు | మంగళవారం రాత్రి 9:18

అప్‌డేట్. జల్లెడ గారూ, స్టోర్ రిజిస్టర్ చూశా. లేచిన రెండు పాత్రలూ పాతవే, నాకంటే ముందు ఎవరో 90 డిగ్రీల టెస్టులకి వాడారు. కడిగింది నైట్రిక్ యాసిడ్, తర్వాత డీఅయొనైజ్డ్ నీళ్లతో. మూడోది ఒకటి పగిలితే బదులుగా కొన్న కొత్తది. రాసి ఉంది, చదవలేదు నేను.

రెండో పాత్రలో నుంచి కాస్త పొడి తీసి ఎక్స్‌ఆర్‌డీ (ఏ స్ఫటికాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే టెస్టు) కూడా పెట్టాం. జియోలైట్ పీ అనే రకం తాలూకు పీకులు ఉన్నాయి, చిన్నవే గానీ స్పష్టంగా. కొత్త పాత్ర పొడిలో గాజు తాలూకు మూపురం తప్ప ఏం లేదు. కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనుమానం రెండిట్లోనూ ఉంది కానీ అంత గట్టిగా కాదు, సున్నపుబట్టి అన్న చెప్పిన కాల్షియం లెక్క మళ్లీ చేయాలి.

జల్లెడ | మంగళవారం రాత్రి 9:40

గిన్నె!! చెప్పానా

పొయ్యిదగ్గర | మంగళవారం రాత్రి 10:05

రెండు పాతవి, ఒకటి కొత్తది. మూడు పాత్రలతో నేను ఏ తీర్పూ ఇవ్వను. కానీ టీ నా ఖర్చు జల్లెడ గారూ, హైదరాబాద్ వచ్చినప్పుడు.

కాకినాడ_మాస్టారు | బుధవారం ఉదయం 5:55

నైట్రిక్ యాసిడ్ చాల్లే అని నేనూ పిల్లలకి చెప్పేవాణ్ని. ఈ వయసులో కొత్త సంగతి తెలిసింది. అమ్మాయ్, కొత్త పాత్రల్లో మళ్లీ పెడుతున్నావా?

గాజుపురుగు | బుధవారం సాయంత్రం 6:30

పెడుతున్నా మాస్టారూ. ఆరు కొత్తవి ఆర్డర్ చేశాం. మూడిట్లో మామూలుగా, మూడిట్లో పాత పాత్ర గోడ గీకి తీసిన పొడి పిసరంత వేసి. ఆ కొత్త పాత్రని మాత్రం ఓవెన్లోంచి తియ్యట్లేదు, అలాగే ఉండనిస్తున్నా, అదృష్టం సంగతి కూడా తేలాలి కదా. ఈసారి అల్యూమినియం కాలమ్ ఎర్రరంగులో పెట్టుకున్నా. మొదటి శాంపిల్ వచ్చే నెల 4న.